చూపు తిప్పుకుంటే ఆటిజమేనా?

జన్యులోపంతో వచ్చే ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లవాణ్ని కొత్తవాళ్లకు షేక్‌హ్యాండ్ ఇవ్వమంటే చేయి చాస్తాడు, తల మాత్రం పక్కకు తిప్పేస్తాడు. ఒక్కోసారి ఒళ్లంతా అటే తిరిగిపోతుంది. 'హలో' అంటాడు, అదీ గోడకు చెప్పినట్టు. ఇలాంటి పిల్లల్ని తరచూ చూసే డాక్టర్లకు ఇది బాగా తెలిసిన దృశ్యమే. ఆటిజం స్కేలు నింపేవాళ్లకు మాత్రం ఒక గడిలో పడే అంకె: కళ్లలోకి చూడటం లేదు.

ఆ అంకె తప్పు కాదు. ఎందుకు చూడటం లేదన్నదే అందులో లేదు. ఎదుటి మనిషి మీద పెద్దగా ఆసక్తి లేక చూపు కలపని పిల్లవాడు ఒకడు. ఆసక్తి ఉండి కూడా, చూపు కలవగానే ఒంట్లో కంగారు పెరిగి తట్టుకోలేక తిప్పుకునేవాడు ఇంకొకడు. మొదటివాడికి మనుషుల వైపు చూడటంలో ఏదో ఒక ఇష్టం పుట్టించాలి. రెండోవాడికి ముందు కంగారు తగ్గించాలి. 'నా కళ్లలోకి చూడు' అంటూ ఇద్దరికీ ఒకే తర్ఫీదు ఇస్తే రెండోవాడు ఇంకా ముడుచుకుపోతాడు. జన్యు సిండ్రోమ్‌లలో కనిపించే ఆటిజం లక్షణాల మీద జరిగిన మంచి పరిశోధనలో చాలా భాగం ఈ తేడాను పట్టుకునే ప్రయత్నమే.

స్కేళ్లు ఎక్కడ మోసపోతాయి

2015లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో బ్రిటన్ పరిశోధకులు కరోలిన్ రిచర్డ్స్, క్రిస్ ఆలివర్, వారి సహచరులు ఒక పెద్ద సమీక్ష ప్రచురించారు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి, జన్యు మార్పులతో వచ్చే ఏ సిండ్రోమ్‌లో ఎంతమందికి ఆటిజం లక్షణాలు కనిపిస్తున్నాయో లెక్క కట్టారు. రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లల్లో 61 శాతం, కోహెన్ సిండ్రోమ్‌లో 54, కార్నీలియా డి లాంగ్‌లో 43, ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో 36, ఏంజెల్‌మన్‌లో 34, చార్జ్ సిండ్రోమ్‌లో 30, ఫ్రాజైల్ ఎక్స్ మగపిల్లల్లో 30, డౌన్ సిండ్రోమ్‌లో 16, విలియమ్స్‌లో 12 శాతం. మామూలు జనాభాలో ఆటిజం నూటికి ఒకటి రెండు దగ్గర ఉంటుంది కాబట్టి ఈ అంకెలన్నీ పెద్దవే. ఎప్పుడూ నవ్వుతూ ఎవరినైనా పలకరించే విలియమ్స్ పిల్లల్లోనూ 12 శాతం ఉండటం చాలామందికి వింతగా తోస్తుంది. అడగకుండానే అందరి దగ్గరికీ వెళ్లడం వేరు, స్నేహంలో ఇచ్చిపుచ్చుకోవడం తెలియడం వేరు అని గుర్తుంచుకుంటే అది వింత కాదు.

ఆ సమీక్ష రాసినవాళ్లు 'ఆటిజం' అనలేదు, 'ఆటిజం లక్షణాలు' అన్నారు. ఆ జాగ్రత్త ఊరికే తీసుకున్నది కాదు. ఈ అంకెలకు ఆధారమైన పరీక్షలు తయారైంది వేరే పిల్లల కోసం. ప్రపంచమంతటా ప్రామాణికంగా చూసే ఏడీఓఎస్-2నే తీసుకుందాం. శిక్షణ పొందిన పరిశీలకుడు 40 నుంచి 60 నిమిషాలు పిల్లవాడితో ఆడుతూ చూపు, నవ్వు, వేలితో చూపించడం, ఆటబొమ్మల వాడకం గమనించి అంకెలు వేస్తాడు. సొంతంగా నడిచే, చూపు వినికిడి సరిగా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని దాన్ని రూపొందించారు. మాటలతో పనిలేని సామర్థ్యాల్లోనైనా మానసిక వయసు 12 నెలలకు తగ్గకూడదు. చార్జ్ సిండ్రోమ్‌లో చూపు, వినికిడి రెండూ దెబ్బతినడం మామూలు. పిలిస్తే పలకని పిల్లవాడికి వినపడదని తెలిసినప్పుడు ఆ అంకెకు అర్థమేమిటి? ఏంజెల్‌మన్ పిల్లల్లో చాలామంది మానసిక వయసు ఏడాది, రెండేళ్ల దగ్గరే ఆగిపోతుంది. వేలితో చూపించడం, ఊహించుకుని ఆడుకోవడం ఆ వయసుకు ఇంకా రావు. రానందుకు అంకె పడుతుంది. పడిన అంకెల మొత్తం ఆటిజం గీత దాటుతుంది. అదే పిల్లవాడు మనిషి కనిపిస్తే చాలు పరుగున వచ్చి నవ్వుతూ మీద పడతాడు.

తల్లిదండ్రులతో నింపించే ఎస్‌సీక్యూ ప్రశ్నావళిలో 40 ప్రశ్నలుంటాయి, గీత 15 దగ్గర. మొదటి ప్రశ్న పిల్లవాడు చిన్న వాక్యాలైనా మాట్లాడతాడా అని. లేదంటే తర్వాతి ఆరు ప్రశ్నలు వదిలేయాలి. మొదటి ప్రశ్నకు మార్కు లేదు కాబట్టి మాట వచ్చిన పిల్లవాడికి గరిష్ఠం 39, రానివాడికి 33. గీత మాత్రం ఇద్దరికీ అదే. ఎస్‌సీక్యూలో 15 దాటారు కాబట్టి ఫలానా సిండ్రోమ్‌లో ఇంత శాతం ఆటిజం అని చెప్పే పరిశోధన పత్రం కనిపిస్తే, అందులో మాట రానివాళ్లు ఎందరు, మానసిక వయసు కొలిచారా, పోల్చడానికి అదే స్థాయి మేధో వైకల్యం ఉండి ఆ సిండ్రోమ్ లేని పిల్లల్ని తీసుకున్నారా అన్నవి ముందు వెతకాలి. ఆ మూడూ లేకపోతే ఆ శాతం ఆటిజాన్ని కొలుస్తోందో, మేధో వైకల్యపు తీవ్రతను కొలుస్తోందో చెప్పడం కష్టం.

రెట్ సిండ్రోమ్ కథ ఇంకో రకం. ఆరు నుంచి 18 నెలల వయసు దాకా దాదాపు మామూలుగా ఎదిగిన ఆడపిల్ల క్రమంగా వచ్చిన మాటలు పోగొట్టుకుంటుంది. చేతులతో వస్తువులు పట్టుకోవడం మానేసి, రెండు చేతులూ కలిపి పిండుతున్నట్టు, కడుగుతున్నట్టు ఆడిస్తూనే ఉంటుంది. ఆ వెనకబడే దశలో మనుషుల్ని పట్టించుకోదు, అకారణంగా ఏడుస్తుంది. ఆ నెలల్లో ఏ స్కేలు పెట్టినా ఆటిజమే వస్తుంది. ఆ దశ దాటాక చాలామందిలో మనుషుల మీద ఆసక్తి తిరిగి వస్తుంది. కావలసినదాన్ని కళ్లతోనే చూపించి అడుగుతారు. చూపును పసిగట్టే కంప్యూటర్లతో మాట్లాడించడం సాధ్యమవుతున్నది అందుకే. అంటే 61 శాతం అన్న అంకెలో పిల్లను ఏ వయసులో చూశారన్నది చాలా ముఖ్యం. రెట్‌కు కారణం ఎంఈసీపీ2 జన్యువని 1999లో తేలింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ గ్రంథం) రెట్‌ను ఆటిజం కుటుంబంలోంచి ప్రత్యేక రోగంగా తీసేసింది. ఆ నిర్ణయం సబబే.

ఫ్రాజైల్ ఎక్స్: కంగారు ముందు, మిగతావి తర్వాత

ఈ సిండ్రోమ్‌కు మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎఫ్ఎంఆర్1 జన్యువు. దాని మొదట్లో సీ-జీ-జీ అనే మూడక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. మామూలుగా 5 నుంచి 44 సార్లు. 45 నుంచి 54 దాకా సందిగ్ధం. 55 నుంచి 200 దాకా ఉంటే ప్రీమ్యుటేషన్ అంటారు. 200 దాటితే జన్యువు మీద మిథైల్ ముద్రలు పడి అది మూగబోతుంది, ఎఫ్ఎంఆర్‌పీ అనే ప్రోటీన్ తయారు కాదు. నాడీకణాలు కలిసే చోట ఏ ప్రోటీన్లు ఎప్పుడు, ఎంత తయారు కావాలో అదుపు చేసేది ఈ ప్రోటీనే. అది లేకపోతే బ్రేకు లేని బండిలా ఉత్పత్తి సాగుతుంది. మెదడుకు ప్రతి శబ్దం, ప్రతి స్పర్శ, ప్రతి చూపు అవసరానికి మించి గట్టిగా తగులుతుంది.

ఇది తెలిశాక ప్రవర్తన వేరేగా కనిపిస్తుంది. సంతలో చెవులు మూసుకోవడం, పుట్టినరోజు పాట మొదలవగానే ఏడవడం, ఆనందం పట్టలేక చేతులు ఆడించడం, సొంత చేతిని కొరుక్కోవడం, 'బస్సు ఎప్పుడొస్తుంది' అని నలభైసార్లు అడగడం: వీటిలో చాలావరకు ఉద్రేకం హద్దు దాటిందని చెప్పే గుర్తులు. పరిచయం పెరిగేకొద్దీ చూపు కలపడం మెరుగవుతుంది. మొదటి పది నిమిషాల్లో వేసిన స్కోరుకూ, గంట గడిచాక వేసిన స్కోరుకూ తేడా వచ్చేది ఇందుకే. ఫ్రాజైల్ ఎక్స్‌తో పాటు నిజంగానే ఆటిజం కూడా ఉన్న పిల్లలుంటారు. వాళ్లకు పరిచయమైనా చూపు, నవ్వు, వేలితో చూపించడం కలిసి రావు. తల్లి ముఖం చూసి 'ఇది సరేనా' అని తెలుసుకోవడం ఉండదు. ఈ రెండు గుంపులను వేరు చేయాలంటే ఒక్కసారి చూస్తే సరిపోదు.

పని చేసేవాళ్లు నేర్చుకున్న మెలకువలు కొన్నున్నాయి. ఎదురుగా కాక పక్కన కూర్చోవాలి. ఇద్దరూ ఒకే బొమ్మ వైపో పుస్తకం వైపో చూస్తుంటే మాట తేలిగ్గా వస్తుంది. ప్రశ్న సూటిగా వేయకుండా వాక్యాన్ని సగంలో ఆపి వదిలేస్తే పిల్లవాడే పూరిస్తాడు. 'పొద్దున్నే తిన్నది...' అని ఆపితే 'ఇడ్లీ' అంటాడు, 'పొద్దున్న ఏం తిన్నావు?' అంటే నోరు విప్పడు. తరగతిలో మధ్య బెంచీ కంటే వెనక వరసలో అంచున, ఎవరూ వెనకనుంచి తగలని చోట కూర్చోబెడితే గొడవ తగ్గుతుంది. పని మారే ముందు బొమ్మల పట్టిక చూపించి హెచ్చరించాలి. చిన్న వయసులో పదేపదే వచ్చే చెవి ఇన్ఫెక్షన్లను పట్టించుకోకపోతే వినికిడి తగ్గి మాట ఇంకా ఆలస్యమవుతుంది. చెవులు చూపించుకోవడం జన్యు పరీక్ష ఖర్చుతో పోలిస్తే చాలా చౌక, అయినా ఎక్కువగా మరిచిపోయేది అదే.

కుటుంబంలో ఈ జన్యువు నడిచే తీరు కూడా తెలియాలి. ప్రీమ్యుటేషన్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు వెళ్లేటప్పుడు ముక్కల సంఖ్య పెరుగుతుంది. తల్లిలో వందకు పైగా ఉంటే, ఆ ఎక్స్ అందుకున్న బిడ్డలో 200 దాటడం దాదాపు ఖాయం. తండ్రి నుంచైతే కూతుళ్లందరికీ ప్రీమ్యుటేషన్‌గానే వెళ్తుంది, కొడుకులకు వెళ్లదు. ప్రీమ్యుటేషన్ ఉన్నవారికి పిల్లల్లోలాంటి లక్షణాలు సాధారణంగా ఉండవు గానీ వేరే ఇబ్బందులుంటాయి. సుమారు ఐదోవంతు ఆడవాళ్లకు 40 ఏళ్లలోపే నెలసరి ఆగిపోతుంది. మగవాళ్లలో కొందరికి యాభై దాటాక చేతులు వణకడం, నడకలో తూలడం మొదలవుతాయి. మాట రాని మనవడు, చేతులు వణికే అమ్మ తరపు తాత, త్వరగా నెలసరి ఆగిన పిన్ని ఒకే ఇంట్లో ఉంటే వేర్వేరు డాక్టర్లు మూడు వేర్వేరు రోగాలకు మందు రాస్తూ ఉండవచ్చు.

మందుల ప్రయోగాలు ఈ విషయంలో ఒక చేదు పాఠం నేర్పాయి. మార్క్ బేర్, కింబర్లీ హ్యూబర్, స్టీఫెన్ వారెన్ 2004లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు. నాడీకణాల మీది ఎంగ్లూఆర్5 అనే గ్రాహకం ఇచ్చే సంకేతానికి ఎఫ్ఎంఆర్‌పీ బ్రేకులాంటిది, బ్రేకు పోయింది కాబట్టి ఆ గ్రాహకాన్నే అణచాలి అన్నారు. ఎలుకల్లో అద్భుతంగా పని చేసింది. నోవార్టిస్ కంపెనీ మావోగ్లురాంట్ మందును పెద్దవాళ్లలోనూ కౌమారంలోనూ 12 వారాలు పరీక్షించింది. చక్కెర బిళ్ల కంటే మెరుగని తేలక 2014లో ఆపేసింది. అంతకు ముందే ఆర్బాక్లోఫెన్ అనే మరో మందు ప్రయోగాలూ ఆగిపోయాయి.

విఫలమవడానికి మందు ఒక్కటే కారణం కాదు. రోగి మెరుగయ్యాడా లేదా అన్నది ప్రధానంగా తల్లిదండ్రులు నింపే 58 ప్రశ్నల ప్రవర్తన జాబితా మీదే తేల్చారు. ఏళ్ల తరబడి ఆశతో ఎదురు చూసిన ఇంట్లో కొత్త మందు మొదలుపెడితే, అది ఉత్తుత్తి బిళ్లే అయినా, పిల్లవాడు కాస్త మెరుగ్గా కనిపిస్తాడు. ప్లాసిబో గుంపులోనూ స్కోర్లు బాగానే తగ్గాయి. పైగా ఎలుక పిల్లల్లో పని చేసిన దాన్ని ఇరవై, ముప్పై ఏళ్ల మనుషుల్లో మూడు నెలల్లో చూడాలనుకున్నారు. తర్వాత అదే మందును చిన్నపిల్లల్లో భాషా శిక్షణతో కలిపి చూసినా అదనపు లాభం కనిపించలేదు. 2021లో జటోల్‌మిలాస్ట్ అనే మరో మందుతో 30 మంది వయోజన పురుషుల్లో జరిపిన చిన్న ప్రయోగం కొలిచే పద్ధతి మార్చింది. తల్లిదండ్రుల అభిప్రాయం ఒక్కదాని మీదే ఆధారపడకుండా, టాబ్లెట్ మీద కనిపించే పదాలు పైకి చదవడం, పదానికి తగిన చిత్రం గుర్తించడం లాంటి పనుల్లో రోగి సామర్థ్యాన్ని సూటిగా కొలిచారు. అక్కడ మెరుగు కనిపించింది. 30 మందిని చూసి పండగ చేసుకోకూడదు గానీ, కొలబద్ద మారితే కనిపించేది కూడా మారుతుందన్నది మాత్రం నిజం.

మూర్ఛ ఆపితే ఆటిజం ఆగుతుందా

ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో ప్రశ్న వేరు. టీఎస్‌సీ1 లేదా టీఎస్‌సీ2 జన్యువు దెబ్బతింటే ఎంటార్ అనే ఎదుగుదల సంకేతానికి పగ్గం తెగుతుంది. మెదడులో గడ్డల్లాంటి ట్యూబర్లు, గుండెలో, మూత్రపిండాల్లో కణుతులు వస్తాయి. గర్భంలో ఉండగానే స్కానింగ్‌లో గుండె కణుతులు బయటపడటంతో చాలామందిని పుట్టకముందే గుర్తిస్తున్నారు. పుట్టాక సులువైన ఆధారం చర్మం. కనీసం 5 మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్ల మచ్చలు మూడు అంతకంటే ఎక్కువ ఉంటే అది ప్రధాన లక్షణాల్లో ఒకటి. మామూలు వెలుతురులో, ముఖ్యంగా పసిపిల్లల చర్మం మీద, అవి దాగిపోతాయి. చీకటి గదిలో వుడ్స్ ల్యాంపు అనే అతినీలలోహిత దీపం వేస్తే మెరుస్తాయి. మూర్ఛతో వచ్చిన ప్రతి పసిబిడ్డకూ ఈ దీపం వేసి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

తొలి ఏడాదిలో మూర్ఛ, ముఖ్యంగా ఒళ్లు ముడుచుకుని విదిలించుకునే ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్, వచ్చిన పిల్లల్లో తర్వాత ఆటిజం ఎక్కువ. దాంతో మూర్ఛ మొదలవకముందే మందు ఇస్తే ఆటిజాన్ని తప్పించవచ్చేమో అన్న ఆశ పుట్టింది. ఐరోపాలో ఎపిస్టాప్ ప్రయోగం దీన్నే పరీక్షించింది. పిల్లలకు తరచూ ఈఈజీ (మెదడులోని విద్యుత్ అలల పరీక్ష) తీస్తూ, ఫిట్స్ కనిపించకముందే అలల్లో తేడా రాగానే విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, ముందే మందు అందుకున్నవాళ్లలో తొలి మూర్ఛ దాకా సగటు వ్యవధి 364 రోజులు, మూర్ఛ వచ్చాకే మందు మొదలుపెట్టినవాళ్లలో 124 రోజులు. మూర్ఛ విషయంలో ఇది పెద్ద విజయమే. రెండేళ్ల వయసులో ఆటిజం లక్షణాల్లో మాత్రం రెండు గుంపుల మధ్య స్పష్టమైన తేడా లేదు. అమెరికాలో జరిగిన ఇలాంటి ప్రయోగంలోనూ మేధస్సు మెరుగవలేదు.

దీన్నిబట్టి మూర్ఛ మందు దండగ అనుకుంటే పొరపాటు. మూర్ఛను ఆపడం దానికదే అవసరం. తేలింది ఇంతే: మూర్ఛా ఆటిజమూ ఒకే చెట్టు కొమ్మలు కావచ్చు, ఒక కొమ్మ నరికితే రెండోది దానంతటది రాలదు. ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకం లక్షణాలేమీ లేని బిడ్డకు కూడా ఏడాది వయసు దాకా ఆరు వారాలకోసారి, తర్వాత రెండేళ్ల దాకా మూడు నెలలకోసారి ఈఈజీ తీయమంటుంది. విగాబాట్రిన్ చూపు పరిధిని శాశ్వతంగా కుదించగలదు కాబట్టి కంటి పరీక్ష కూడా దానితో పాటే నడవాలి. ప్రవర్తన విషయానికొస్తే, ఉన్నట్టుండి చిరాకు పెరిగి, నిద్ర చెడి, తల కొట్టుకోవడం మొదలుపెట్టిన ట్యూబరస్ స్క్లెరోసిస్ పిల్లవాడికి ముందు చేయాల్సింది మెదడు స్కాన్. లోపలి గడ్డ పెరిగి నీరు చేరుతుండవచ్చు. దాన్ని ఆటిజంలో భాగమని సర్దిచెప్పుకున్న చోట ప్రాణం మీదికి వస్తుంది.

నొప్పి అనే అనువాదం కాని మాట

కార్నీలియా డి లాంగ్ సిండ్రోమ్‌లో తనను తాను గాయపరచుకోవడం తరచుగా కనిపిస్తుంది. దవడ కొట్టుకోవడం, చేతులు కొరుక్కోవడం, ఒళ్లు విరుచుకుని మెడ వెనక్కి వంచడం. చాలాకాలం వీటిని ఆ సిండ్రోమ్ 'స్వభావం'గానే రాశారు. ఈ పిల్లల్లో జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం (రిఫ్లక్స్) చాలా ఎక్కువని, ఆ మంట చికిత్సతో తగ్గాక గాయపరచుకోవడం కూడా తగ్గినవాళ్లున్నారని తర్వాత అర్థమైంది. 2018 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం, ప్రవర్తనలో చెప్పలేని మార్పు వస్తే రిఫ్లక్స్‌ను అనుమానించమంటుంది. ఎండోస్కోపీ చేయకుండా 'కడుపులో ఏమీ లేదు' అనడం ఇక్కడ జరిగే మామూలు తప్పు.

మాట రాని పిల్లల నొప్పికి ఫ్లాక్ అనే చిన్న స్కేలుంది. ముఖం, కాళ్లు, ఒంటి కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం: ఈ ఐదింటికీ 0, 1, 2 అంకెలు వేస్తే మొత్తం 10. ప్రవర్తన చికిత్స మొదలుపెట్టే ముందు భోజనం తర్వాత గంటలో, పడుకోబెట్టినప్పుడు, మలవిసర్జనకు ముందు వెనక ఈ స్కోరు వారం రోజులు రాసి పెడితే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. పంటి పుప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, రిఫ్లక్స్: ఏ సిండ్రోమ్ అయినా ఈ నాలుగూ చూడకుండా ప్రవర్తన మార్చే మందు రాయడం తొందరపాటు. కార్నీలియాలోనే ఇంకో తికమక కూడా ఉంది. ఇంట్లో మాట్లాడే పిల్లవాడు క్లినిక్‌లో నోరు మెదపడు. అది మాట రాకపోవడం కాదు, కొత్తచోట మాట పెగలకపోవడం. ఇంట్లో తీసిన ఫోన్ వీడియో అక్కడ ఏ స్కేలు కంటే ఎక్కువ చెబుతుంది.

స్మిత్-మెజెనిస్ సిండ్రోమ్‌లో మెలటోనిన్ హార్మోన్ రాత్రి కాక పగలు పెరుగుతుంది. మధ్యాహ్నం తూగుతూ, సాయంత్రానికి కోపంతో విరుచుకుపడే పిల్లవాడి స్కోరులో ఎంత ఆటిజమో, ఎంత నిద్రలేమో విడదీయాలంటే ముందు నిద్ర సరిచేయాలి.

ఏ పరీక్ష దేన్ని చూడలేదు

జన్యు పరీక్ష అంటే ఒకటే పరీక్ష అనుకోవడం దగ్గర చాలా ఇళ్లలో డబ్బూ కాలమూ వృథా అవుతాయి. పాతకాలపు కేరియోటైప్ పెద్ద పెద్ద క్రోమోజోమ్ మార్పులనే చూపుతుంది. ఎదుగుదల లోపాలున్న పిల్లల్లో డౌన్ సిండ్రోమ్ పక్కన పెడితే సుమారు 3 శాతం మందిలోనే అది కారణం చెప్పగలదు. మైక్రోఅర్రే 15 నుంచి 20 శాతం మందిలో చెబుతుంది. చిన్న చిన్న ముక్కలు తెగిపోవడం, రెట్టింపు కావడం దానికి కనిపిస్తాయి. కానీ ఒక్క అక్షరం మారితే కనిపించదు, ఫ్రాజైల్ ఎక్స్ కనిపించదు. ఎక్సోమ్ పరీక్ష అక్షర దోషాలను పట్టుకుంటుంది, సీ-జీ-జీ ముక్కల సంఖ్యను మాత్రం లెక్కించలేదు. 'ఎక్సోమ్ నార్మల్' అని రాసిన కాగితం ఫ్రాజైల్ ఎక్స్ లేదని చెప్పినట్టు కాదు. దానికి విడిగా పీసీఆర్ (జన్యువులోని ఒక భాగాన్ని నకళ్లు తీసి కొలిచే పరీక్ష) అడగాలి. ఆడపిల్లల్లో మామూలు పీసీఆర్‌లో ఒకే గీత వస్తే, రెండు ఎక్స్‌లూ ఒకే పొడవున్నాయో, లేక రెండోది మరీ పొడవై యంత్రానికి అందలేదో తెలియదు. ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్ ఆ అనుమానం తీరుస్తుంది.

ఏంజెల్‌మన్ అనుమానమైతే ముందు డీఎన్ఏ మీది మిథైల్ ముద్రలు చూసే మిథైలేషన్ పరీక్ష. సుమారు 80 శాతం అక్కడే తేలతారు. అది నార్మల్ వచ్చినా ఆగకూడదు, యూబీఈ3ఏ జన్యువును చదివించాలి. రెట్‌కు ఎంఈసీపీ2 అక్షరాలు చదవడంతో పాటు ముక్కలు తెగాయేమో కూడా చూడాలి. ఏ గొట్టంలో రక్తం తీశారన్నది కూడా ముఖ్యమే. డీఎన్ఏ పరీక్షలకు ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. కేరియోటైప్‌కు కణాలు బతికి ఉండాలి, దానికి ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది కాబట్టి తారుమారైతే మళ్లీ సూది పొడవాల్సిందే. ఎక్సోమ్‌కు వీలైతే అమ్మానాన్నల రక్తం కూడా పంపితే, దొరికిన మార్పు కొత్తగా పుట్టిందా, వారసత్వంగా వచ్చిందా తేలుతుంది. 'అర్థం తేలని మార్పు' అని వచ్చిన రిపోర్టును రోగనిర్ధారణగా చదవకూడదు. ఏడాది రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ విశ్లేషించమని అడగవచ్చు.

తెలుగు ఇళ్లలో ఈ చోట మేనరికం మాట తప్పక వస్తుంది. దగ్గరి సంబంధాల్లో ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ ఒకే లోపం కలిసి వచ్చే రోగాలు పెరుగుతాయన్నది నిజం. పైన చెప్పినవాటిలో కోహెన్ సిండ్రోమ్ ఆ కోవదే. మాట ఆలస్యమై, తల చిన్నదిగా ఉండి, రేచీకటి, రక్తంలో తెల్లకణాలు తగ్గడం కలిసి కనిపిస్తే, అందులోనూ మేనరికం ఉంటే, దాన్ని తలుచుకోవాలి. ఫ్రాజైల్ ఎక్స్‌కూ మేనరికానికీ సంబంధం లేదు. రెట్‌లో దాదాపు అన్ని కేసులూ, ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో మూడింట రెండు వంతులూ బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పులే. పెళ్లి సంబంధాన్నో కోడలి తరపు వాళ్లనో నిందించడానికి వీటిలో ఆధారం లేదు.

సర్టిఫికెట్ దగ్గర వచ్చే చిక్కు

మన దేశంలో వైకల్య ధ్రువీకరణకు ఆటిజాన్ని కొలవడానికి వాడే ఐసా స్కేలు సికింద్రాబాద్‌లో రూపుదిద్దుకుంది. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా పిలిచే, 1984లో మొదలైన మేధో వైకల్య జాతీయ సంస్థ దాన్ని తయారు చేసింది. ఆరు విభాగాల్లో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. ఏ లక్షణమూ లేకపోయినా 40 వస్తుంది, అన్నీ తీవ్రంగా ఉంటే 200. 70 లోపు ఆటిజం లేదు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యమం, ఆ పైన తీవ్రం. 9 అంశాలు మాటకు, 4 గ్రహణశక్తికి సంబంధించినవి. తీవ్ర మేధో వైకల్యం ఉన్న సిండ్రోమ్ పిల్లవాడు మాట, గ్రహణశక్తి అంశాలతోనే గీతకు దగ్గరవుతాడు. అది ఐసా లోపం అనడం అన్యాయం, ఆ పని కోసం దాన్ని చేయలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, మేధో వైకల్యం విడివిడిగా ఉన్నాయి, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవారికీ చోటుంది. కాబట్టి మొత్తం స్కోరు ఒక్కటే కాక, విభాగాలవారీ స్కోర్లు, మానసిక వయసు, సిండ్రోమ్ పేరు మూడూ రిపోర్టులో రాయించుకోవడం మంచిది. థెరపీ మొదలుపెట్టేవాళ్లకు మొత్తం కంటే ఆ విడి అంకెలే ఉపయోగం.

ఎక్కువ స్కోరు వచ్చే పిల్లల గురించి ఇంత చెప్పాక, అసలు స్కోరే పెట్టని పిల్లల మాటా చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలు కలుపుగోలు అన్న నమ్మకం ఎంత బలమైనదంటే, వాళ్లలో ఆటిజం కనిపించినా డౌన్ ఖాతాలోనే రాసేస్తారు. పిలిస్తే తిరగని, ఇతర పిల్లల్ని అనుకరించని, గంటల తరబడి తాడు కొస ఆడించుకుంటూ కూర్చునే నాలుగేళ్ల డౌన్ పిల్లవాడికి థైరాయిడ్, వినికిడి పరీక్షలు నార్మల్ వచ్చాక కూడా 'డౌన్ కదా, నెమ్మదిగా వస్తుంది' అని పంపేస్తారు. ఆ వయసు డౌన్ పిల్లల్లో మాట రాకపోయినా సైగలు బాగా వస్తాయి, పక్కవాళ్లను చూసి నేర్చుకుంటారు. సైగలు కూడా రాకపోతే అది డౌన్ వల్ల కాకపోవచ్చు. వీళ్లకు మామూలు పిల్లల్లాగే 18, 24 నెలల్లో ఎం-చాట్ అనే తొలి వడపోత ప్రశ్నావళి పెట్టాలి. 20 ప్రశ్నల్లో మూడు నుంచి ఏడు తప్పితే రెండో విడత ప్రశ్నలు అడగాలి, ఎనిమిది, అంతకంటే ఎక్కువ తప్పితే నేరుగా పూర్తి పరీక్షకు పంపాలి. ఆ తర్వాత పోల్చాల్సింది వయసు లెక్కన మామూలు పిల్లలతో కాదు, అదే మానసిక వయసున్న ఇతర డౌన్ పిల్లలతో.